ఉమ్మిన రాయికి ముద్దులు

మా యూదుల మెల్లాలో మా ధర్మగురువు రిబ్బీ ఖలీఫా అసరాఫ్ అంటే జనానికి ముందు గుర్తొచ్చేది ఆయన తీర్పులు కాదు, ఆయన మొహం. చేదు బాదంపప్పు కొరికి, ఉమ్మడానికి చోటు వెతుక్కుంటున్న మనిషి మొహం. పెళ్ళిలో అదే మొహం, చావులో అదే మొహం. "మా ఆయన నవ్వితే చూసి పోదామనే ఇంకా బతికున్నాను" అని ఆయన భార్య తామో బావి దగ్గర పదిమందిలో అనేది.

అసలు నవ్వడానికి ఆ మనిషికి మేం ఏం మిగిల్చాం గనక? పొద్దున లేస్తే మా యూదుల పేట కంపంతా ఆయన ముందే. మా ప్రార్థనాలయం సినగాగు పక్క గదిలో చాప మీద కూర్చుని, గుమాస్తా అబ్బుని పక్కన పెట్టుకుని, మా పెళ్ళిళ్ళూ విడాకులూ ఆస్తి పంపకాలూ గోడ తగాదాలూ వినేవాడు. చచ్చిన తల్లి చేతి కడియం కోసం అన్నదమ్ములు ఒకడి గడ్డం ఒకడు పీక్కోవడం చూశాడు. కుంటి గాడిదను బావమరిదికి అంటగట్టి, పైగా దేవుడి మీద ఒట్టేసినవాణ్ణి చూశాడు. ఫ్రెంచివాళ్ళు వచ్చాక ఆయన్ని న్యాయమూర్తిగా గుర్తిస్తూ ముద్రవేసిన కాగితం ఒకటిచ్చారు. దాన్ని ఆయన కిటికీ సందులో గాలి రాకుండా కుక్కి పెట్టాడు.

మధ్యాహ్నం తిండి అయ్యాక ఆయనకు ఇంకో పని ఉండేది. మెల్లా చరిత్ర రాసేవాడు. ఏ ఏడు వాన కురవలేదు, ఏ ఏడు మిడతలు దిగాయి, ఏ సుల్తాను మనుషులొచ్చి తలుపులు పగలగొట్టారు, ఆ రోజు మనలోనే ఎవడు వాళ్ళకు దారి చూపించాడు, అన్నీ. మా పెద్దమనుషులు ఒకసారి వచ్చి, "మా తాతల గురించి నాలుగు మంచి ముక్కలు రాయండి రిబ్బీ" అని బతిమాలారు. "మీ తాతల గురించి నా దగ్గర పాత కోర్టు కాగితాలున్నాయి. చదవమంటారా?" అన్నాడు. టీ కూడా తాగకుండా లేచిపోయారు. కోర్టు కాగితంలో ఉన్నదే చరిత్ర, మిగతాదంతా సారా కబుర్లు అని ఆయన వాదన. ఎవడెవణ్ణి ఎట్లా ముంచాడో అందులో సంతకాలతో సహా ఉంటుంది కదా మరి.

ఒక్క సంగతి మాత్రం కాగితం లేకుండా రాశాడు. అది పెద్ద కరువు నాటి సంగతి. ఆయన అవ్వ యాకుత్ నోటి నుంచి విన్నది.

ఖలీఫా తల్లీ తండ్రీ విషజ్వరంలో పోతే యాకుతే ఆయన్ని పెంచింది. కరువు నాటికి ఆమె చిన్నపిల్ల. ఆ రోజుల్లో మా పేటకి పెద్ద మిమూన్ బుస్కీలా. ఆయన కొట్లో బార్లీ గోనెలు పైకప్పు తాకుతున్నాయి. బయట జనం కలుపు వేళ్ళు ఉడకేసుకుని తింటున్నారు. ధర ఇంకా పెరగాలని మిమూన్ కొట్టుకి తాళం వేసి కూర్చున్నాడు. యాకుత్ తల్లి ఏం చేసిందంటే, తన చంటిపిల్లాణ్ణి తీసుకెళ్ళి ఆ కొట్టు గడప ముందు పడుకోబెట్టింది. బయటికొచ్చేటప్పుడు చూస్తాడు కదా, చూస్తే మనసు కరగదా అని. మిమూన్ వచ్చాడు, చూశాడు, అంగీ కొంచెం పైకెత్తి పట్టుకుని పిల్లాణ్ణి దాటుకుని ప్రార్థనకు వెళ్ళాడు. ప్రార్థన ముగిసి తిరిగొచ్చేసరికి పిల్లాడి ప్రాణం పోయింది. ఈసారి కూడా అంగీ పైకెత్తే దాటాడు.

అలాంటివాడు హాయిగా ముసలివాడై, పరుపు మీద, కొడుకులు విసనకర్రతో విసురుతుంటే చచ్చాడు. ఛీ! సమాధి మీద రాయి పెట్టించారు. మా రాళ్ళు చెక్కేవాళ్ళ సంగతి తెలిసిందే, చెయ్యి తడిపినవాడల్లా వాళ్ళకు మహాజ్ఞానే. "మిమూన్ బుస్కీలా, సంపూర్ణ జ్ఞాని, పరమ పుణ్యపురుషుడు" అని చెక్కారు. కరువులో మిగిలి బతికినవాళ్ళు ఆ అక్షరాలు చూసి ఒక్క మాటా అనలేదు. పవిత్రభూమిలో మా పాత గుడి కూలిన దుఃఖానికి ఏటా ఉపవాసం ఉంటాం కదా, ఆ రోజు పేటంతా శ్మశానానికి వెళ్తుంది. ఆ దారిన పోతూ ఒక్కొక్కరూ ఆ రాయి మీద ఉమ్మేవాళ్ళు. ఉపవాసంలో నోట్లో తడి ఎక్కడిది? అయినా కూడగట్టుకుని ఉమ్మేవాళ్ళు. యాకుత్ మనవణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, "ఉమ్మరా" అనేది. వాడు ఉమ్మేవాడు. "ఇంకా" అనేది.

ఆ తరం పోయింది. బుస్కీలా కొడుకులు పట్నాలకు పోయి, అక్కణ్ణించి సముద్రం దాటి, మళ్ళీ మొహం చూపించలేదు. ఓ చలికాలం మంచుకి ఆ రాయి పగిలి, ఇంటిపేరు ఉన్న ముక్క రాలి ఎటో పోయింది. మిగిలిందేమిటి? "మిమూన్, సంపూర్ణ జ్ఞాని, పరమ పుణ్యపురుషుడు." అంతే. చదివినవాడు ఏమనుకోవాలి చెప్పండి.

ఆ మిగిలిన ముక్క మఖ్లూఫ్ కంట పడింది. మఖ్లూఫ్ సినగాగులో దీపాలు వెలిగించేవాడు. దీపాల్లో నూనె తక్కువ, వాడి కడుపులో అంజూరపు సారా ఎక్కువ. ఓ పొద్దున వాడు వీధిలోకి పరుగెత్తుకొచ్చి, తెల్ల గడ్డం పెద్దాయన కలలోకి వచ్చాడనీ, "నేను పవిత్రభూమి నుంచి వచ్చిన రిబ్బీ మిమూన్‌ని, మీ ఊరి చలికి ఇక్కడే కన్ను మూశాను, నా మీద దీపం పెట్టే దిక్కు లేదా" అని అడిగాడనీ ఒకటే ఏడుపు. మా జనం సంగతి చెప్పాలా? కలలో గడ్డం కనిపిస్తే చాలు, పలుగూ పారా పట్టుకుని బయల్దేరతారు. మధ్యాహ్నానికి ఆ సమాధి చుట్టూ కొవ్వొత్తులు. సాయంత్రానికి ఒక గుడ్డివాడికి వెలుతురు లాంటిది కనిపించిందన్నారు. తాత ఉమ్మిన రాయినే మనవరాలు నుదురు ఆనించి ముద్దు పెట్టుకుంది.

బరూఖ్ ఓహానాకి ఈ సంగతి తెలిసీ తెలియగానే కళ్ళు మెరిశాయి. ఆయన అప్పటికి పేట పెద్ద. ఊళ్ళ మధ్య తిరిగే లారీలు ఆయనవే. ఏడాదికోసారి జాతర పెడితే చుట్టుపక్కల కొండల్లో ఉన్న యూదులంతా ఏ బండెక్కి రావాలి? ఆయన బండే. సమాధి మీద తెల్ల గోపురం లేచింది. మొదటి కొవ్వొత్తి వెలిగించే హక్కు వేలం వేశారు. పాట పెంచేకొద్దీ ఆడవాళ్ళు జోరుగా నాలుక తిప్పుతూ కేకలు. బరూఖ్ చేతిలో సారా గ్లాసు, కళ్ళల్లో నీళ్ళు. ఆ నీళ్ళు భక్తివో సారావో ఆయనకే తెలియాలి.

తర్వాత బరూఖ్ నలుగురిని వెంటేసుకుని ఖలీఫా ఇంటికి వచ్చాడు. వియ్యంకుడు కూడాను. ఖలీఫా ఒక్కగానొక్క కూతురు ఫ్రెహాని బరూఖ్ కొడుకు యామిన్‌కి ఇచ్చారు.

"బావగారూ, మీ చరిత్రలో రిబ్బీ మిమూన్ గురించి ఓ పేజీ రాయాలి. యాత్రికులు అడుగుతున్నారు" అన్నాడు బరూఖ్.

"రాశానయ్యా ఎప్పుడో."

"అబ్బే, అది కాదు. పవిత్రభూమి నుంచి రావడం, మంచులో ప్రాణం విడవడం, వెలుగు స్తంభం..."

"వెలుగు స్తంభం మఖ్లూఫ్ గ్లాసు అడుగున ఉంటుంది, చూడు. ఆ సమాధిలో ఉన్నది మిమూన్ బుస్కీలా. పిల్లల్ని ఆకలికి చంపినవాడు. వాడి ఎముకల మీద కొవ్వొత్తులు అమ్ముకుంటున్నావు, ఆ మైనం నీ గడ్డానికి అంటట్లేదూ?"

బరూఖ్ నవ్వేశాడు. "సరే, రాయకండి. నోరు మూసుకుని ఉండండి చాలు."

నోరు మూసుకోవడం ఖలీఫాకి చేతనైన పని కాదు. శనివారం, మా విశ్రాంతి దినం శబ్బాతు నాడు, ధర్మగ్రంథం చదవడం అయ్యాక, వేదిక ఎక్కి, యాకుత్ చెప్పినదంతా చెప్పేశాడు. కొట్టూ, తాళం, గడప, పిల్లాడు, ఉమ్మిన జనం, ఏదీ దాచలేదు. మేడ మీద జాలీ వెనక ఆడవాళ్ళు ఏడవడం మొదలెట్టారు, ఎవరి కోసమో వాళ్ళకే తెలియదు.

అప్పుడు బరూఖ్ లేచి, చాలా మర్యాదగా, "రిబ్బీ, మీరు మాకు న్యాయం నేర్పినవారు. మీ కోర్టులో ఒక మాట నిలబడాలంటే ఎంతమంది సాక్షులుండాలి?" అని అడిగాడు.

ఖలీఫాకి అర్థమైంది. "ఇద్దరు" అన్నాడు.

"మగవాళ్ళా, ఆడవాళ్ళా?"

"మగవాళ్ళు."

"కళ్ళారా చూసినవాళ్ళా, చెబితే విన్నవాళ్ళా?"

"చూసినవాళ్ళు."

"మీకున్న సాక్షి ఒక్కత్తి. ఆడమనిషి. పైగా చచ్చిపోయింది. కిందటి నెలే కదా, కసాయి దుకాణం ముందు జరిగిన కొట్లాట కళ్ళారా చూశానన్న ముసలామెని ఇంటికెళ్ళి కుస్‌కుస్ వండుకోమని పంపేశారు? ఆమెకో న్యాయం, మీ అవ్వకో న్యాయమా?"

సినగాగు ఘొల్లుమంది. నిన్నటిదాకా ఆయన ముందు తలెత్తనివాళ్ళు కూడా పడీ పడీ నవ్వారు. థూ, ఎంత కాలం నుంచి కాచుకుని ఉన్నారో! ఖలీఫా వేదిక దిగి ఇంటికి వచ్చాడు. శబ్బాతు కోసం రాత్రంతా పొయ్యి మీద మగ్గిన కుండ తామో దించింది. ఆయన ముట్టుకోలేదు.

"జనం మీద కోపం నా కుండ మీద చూపిస్తావేం?" అంది తామో.

"కోపం కాదే. అసహ్యం."

"అదైతే ఎప్పుడూ ఉన్నదేగా, తిను."

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. ఫ్రెహాకి పెళ్ళయి పదేళ్ళు దాటింది, కడుపు పండలేదు. పదేళ్ళు పిల్లలు లేకపోతే మగవాడు ఇంకో పెళ్ళి చేసుకోవచ్చు. అది మా ధర్మశాస్త్రం. ఖలీఫా కోర్టుకి ఇలాంటి దావాలు ఎన్నో వచ్చాయి. టీ చల్లారేలోపు తేల్చేసేవాడు. మగవాడు కావాలంటాడు, లెక్క సరిపోయిందా లేదా చూస్తాడు, అనుమతి రాయిస్తాడు. ఆడమనిషి గోడ పక్కన ముసుగేసుకుని నిలబడి ఉంటుంది, ఆమెను అడగడానికి అక్కడ ఏమీ ఉండదు.

ఇప్పుడు బరూఖ్ తన కొడుక్కి పక్క ఊళ్ళో పిల్లని చూస్తున్నాడు. సొంత కూతురి దావా ఖలీఫా వినకూడదు, వేరే ఊరి న్యాయమూర్తి వస్తాడు. వచ్చేవాడు ఏం చేస్తాడో ఆయనకు తెలుసు. తానైతే ఏం చేసేవాడో అదే. సవతి వస్తే ఫ్రెహా ఆ ఇంట్లో మంచినీళ్ళు తోడే మనిషి, అంతకంటే ఏమీ కాదు.

అప్పుడే తామో వచ్చి చెప్పింది, ఫ్రెహా సమాధి దగ్గర పడుకుంటోందని.

"ఏ సమాధి?"

"ఎన్నున్నాయేం? అత్తగారు తీసుకెళ్తోంది. పిల్లాడు పుడితే మిమూన్ పేరు పెడతానని రాయి మీద చెయ్యి వేసి మొక్కుకుంది. ఆడంగులంతా విన్నారు."

ఖలీఫా రాస్తున్న కలం పక్కన పడేశాడు. తన కూతురు, యాకుత్ ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయిన పిల్ల, పోయి పోయి ఆ రాయికి మొక్కడమా? నాలుగు అక్షరాలు నేర్పించి ఉంటే బాగుండేదనుకున్నాడు. అసలు బుర్ర లేకపోతే అక్షరాలేం చేస్తాయిలే అని కూడా అనుకున్నాడు. ఆ తర్వాత ఫ్రెహా పుట్టింటికి వస్తే గదిలోంచి బయటికి రావడం మానేశాడు. గుమ్మం అవతల ఆ పిల్ల చెప్పులు విడిచిన చప్పుడు వినబడేది, కాసేపటికి తొడుక్కున్న చప్పుడు వినబడేది.

ఆ చలికాలంలోనే ఫ్రెహా నీళ్ళోసుకుంది.

ఇక చెప్పేదేముంది? పేటంతా పిచ్చెక్కిపోయింది. "న్యాయమూర్తి కూతురికే ఇచ్చాడు, ఆయన తిట్టినా సరే ఇచ్చాడు, ఎంత పెద్ద మనసో చూడు మహానుభావుడిది!" బరూఖ్ పక్క ఊరి సంబంధం వదిలేసి ఇంకో లారీ కొన్నాడు. మఖ్లూఫ్‌కి రోజూ కలలే. వీధిలో పోతుంటే ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు ఖలీఫా అంగీ అంచు పట్టుకుని కళ్ళకద్దుకునేవాళ్ళు, ఆయన విదిలించుకుని పోయేవాడు.

పిల్లాడు పుట్టాడు. సున్తీ వేడుకకు, పిల్లాణ్ణి ఒళ్ళో పట్టుకునే గౌరవం తాతకే అని బరూఖ్ కబురు పంపాడు. మా పేటలో ఒక ఆనవాయితీ ఉంది, ఒళ్ళో పట్టుకున్నవాడే పిల్లాడి పేరు పైకి చెప్పాలి. బరూఖ్ ఏం కావాలనుకుంటున్నాడో కళ్ళు లేనివాడికి కూడా తెలుస్తుంది.

"నేను రాను. వచ్చినా ఆ పేరు నా నోట రాదు" అన్నాడు ఖలీఫా తామోతో. "నా మనవణ్ణి వాడి పేరుతో పిలవాలా? దానికంటే నాలుక కోసుకుంటాను."

"ఆ మాట నీ కూతురికి నువ్వే చెప్పు. నాకు పని ఉంది" అంది తామో.

వేడుక ముందు రోజు మధ్యాహ్నం వెళ్ళాడు. ఫ్రెహా పరుపు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, పక్కన పిల్లాడు. దిష్టి తగలకుండా గోడ నిండా చేతి గుర్తులు. అత్తగారు వంటింట్లో ఉంది. ఖలీఫా పిల్లాడి వైపు చూడకుండా కూతురికి మొదటి నుంచీ చెప్పడం మొదలెట్టాడు. "ఆ సమాధిలో ఉన్నదెవరో నీకు తెలియదమ్మా. పెద్ద కరువులో మిమూన్ బుస్కీలా అని..."

"కొట్టుకి తాళం వేశాడు" అంది ఫ్రెహా. "పిల్లాణ్ణి దాటుకుని వెళ్ళాడు. అంగీ పైకెత్తి పట్టుకుని. తెలుసు నాన్నా. అవ్వ నీ ఒక్కడికే చెప్పిందనుకున్నావా? నా చేత కూడా ఉమ్మించింది."

ఖలీఫా పరుపు అంచు మీద కూర్చున్నాడు.

"తెలిసే వెళ్ళావా?"

"తెలియక వెళ్ళినదాన్నైతే సుఖంగా ఉండేదాన్ని. ఆ రాయికి పెదాలు ఆనించిన ప్రతిసారీ వాంతి తోసుకొచ్చేది. మా అత్త పక్కనే నిలబడి చూసేది, సరిగ్గా ముద్దు పెట్టుకున్నానా లేదా అని. పెట్టుకున్నాను. ఏం చెయ్యమంటావ్? సవతి తెస్తామంటే ఎవరి దగ్గరికి వెళ్ళను, నీ దగ్గరికా? నువ్వు ఎంతమంది ఆడవాళ్ళని టీ చల్లారేలోపు పంపించేశావో ఈ పేటలో నాకు తెలియదా? వాళ్ళలో ఒక్కత్తినైనా 'నువ్వేమంటావమ్మా' అని అడిగావా నాన్నా?"

"శాస్త్రంలో..."

"ఆ, శాస్త్రంలో లేదు. మఖ్లూఫ్ కలలో ఉంది. అందుకే అక్కడికి వెళ్ళాను. వాడు మంచివాడా చెడ్డవాడా నాకనవసరం. ఆ రాయి దగ్గర పడుకున్నన్నాళ్ళు ఎవరూ నన్ను ఇంట్లోంచి వెళ్ళమనలేదు. నాకు కావలసింది ఆ కాస్త వ్యవధి." ఆమె పిల్లాడి మీద గుడ్డ సర్దింది. "రేపు నువ్వు ఆ పేరు చెప్పకపోతే మొక్కు తప్పినట్టు. వీడికి దగ్గొచ్చినా జ్వరమొచ్చినా నా వల్లే అంటారు. వాడు దాటాడని నీకు అసహ్యమే. మరి నన్ను దాటుకుని వెళ్ళకు నాన్నా."

ఖలీఫా ఇంటికి వెళ్ళి చరిత్ర పుస్తకం తెరిచాడు, మూశాడు. కరువు గురించి రాసినది కొట్టెయ్యలేదు. కొత్తగా ఏమీ రాయనూ లేదు. ఇన్నాళ్ళూ పేట మీద, బరూఖ్ మీద, మఖ్లూఫ్ మీద ఉమ్మిన మనిషికి ఆ సాయంత్రం తన చేతులు చూస్తేనే ఒళ్ళు జలదరించింది. ఆ చేతులతోనే కదా ఆ అనుమతులన్నీ రాయించింది.

మర్నాడు సినగాగుకి వెళ్ళాడు. కుర్చీలో కూర్చోబెట్టారు, ఒళ్ళో దిండు, దిండు మీద పిల్లాడు. సున్తీ అయింది, పిల్లాడు కెవ్వుమన్నాడు. ద్రాక్షసారా గిన్నె ఎత్తి అందరూ ఆయన మొహం వైపు చూశారు. జాలీ వెనక ఫ్రెహా ఎక్కడుందో ఆయనకు కనబడలేదు.

"ఇస్రాయేలులో ఇతని పేరు మిమూన్, యామిన్ కొడుకు" అన్నాడు ఖలీఫా. వీధి చివరిదాకా వినిపించింది.

కేకలూ, చప్పట్లూ, గులాబీ నీళ్ళూ. బరూఖ్ వచ్చి కావలించుకుని చెవిలో, "సాక్షులు ఎందుకులెండి ఇక, మీరు చెప్పాక!" అన్నాడు. ఆయన ఒంటి మీది అత్తరు వాసన ఖలీఫా అంగీకి పట్టుకుంది. తామో మూడుసార్లు ఉతికినా పోలేదంది.

మళ్ళీ కోర్టు మొదలైంది. పండుగలు అయ్యాక, కొండ మీది పల్లె నుంచి తోళ్ళ పని చేసే సిసో అనేవాడు పెళ్ళాం ఇజ్జాని వెంటబెట్టుకుని వచ్చాడు. పదేళ్ళు దాటింది, పిల్లల్లేరు, ఇంకో పెళ్ళికి అనుమతి కావాలి. అబ్బు అప్పుడే కాగితం మీద సగం రాసేశాడు, ఇలాంటివి రాసి రాసి అలవాటైన చెయ్యి. అరుగు మీద టీ గ్లాసులోంచి ఆవిరి లేస్తోంది. గోడ పక్కన ముసుగులో ఇజ్జా నిలబడి ఉంది, కాళ్ళకి కొండదారి ఎర్రమట్టి.

"అమ్మా, నువ్వేమంటావ్?" అన్నాడు ఖలీఫా.

అబ్బు కలం ఆగింది. "రిబ్బీ, ఈ దావాలో ఆడమనిషిని అడిగే పద్ధతి..."

"లేదు. నాకు తెలుసు. చెప్పమ్మా."

ఇజ్జాకి తననే అడుగుతున్నారని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. మొగుడి వైపు చూసింది, అబ్బు వైపు చూసింది. తర్వాత ముసుగు కొంచెం జరిపింది.

"నాకు ఒక్క ఏడాది గడువిప్పించండి రిబ్బీ."

"ఏడాదిలో ఏం చేస్తావు?"

"రిబ్బీ మిమూన్ దగ్గరికి వెళ్తాను. మీ అమ్మాయికి ఇచ్చాడటగా. మీరే ఒళ్ళో పెట్టుకుని ఆ పేరు పెట్టారని మా పల్లెలో అందరూ చెప్పుకుంటున్నారు. మీలాంటివారే నమ్మాక నాకేం అనుమానం?"

ఖలీఫా ఆమెకు నిజం చెప్పొచ్చు. ఆ రాయి కింద ఎవడున్నాడో, వాడు ఏం చేశాడో. చెబితే ఆమెకు ఇక అడగడానికి ఏమీ మిగలదు, సిసో రేపే ఇంకో పిల్లని తెచ్చుకుంటాడు. ఆ నిజం పట్టుకుని ఆమె ఎక్కడ పడుకోవాలి?

"ఏడాది గడువు. రాయి" అన్నాడు.

"కారణం కావాలి రిబ్బీ" అన్నాడు అబ్బు. "కారణం లేకుండా గడువిస్తే పై కోర్టు కొట్టేస్తుంది."

"నాకూ కావాలి కారణం" అన్నాడు సిసో మొండిగా.

ఖలీఫా కళ్ళు మూసుకున్నాడు. "పుణ్యపురుషుడైన రిబ్బీ మిమూన్ సమాధి దగ్గర మొక్కు తీర్చుకోవడానికి." అబ్బు తలెత్తి ఆయన మొహంలోకి చూశాడు. "చూస్తావేం? రాయి. 'పుణ్యపురుషుడు', 'రిబ్బీ', ఆ రెండు మాటలూ వదలకుండా రాయి." అబ్బు రాశాడు. ఖలీఫా కింద సంతకం చేశాడు, ఎప్పటిలా నిండుగా, ఒక్క అక్షరం వదలకుండా. నోరంతా చేదుగా ఉంటే టీ తాగాడు. వేడిగానే ఉంది.

సిసో గొణుక్కుంటూ బయటికి పోయాడు. ఇజ్జా గుమ్మం దాకా వెళ్ళి, తటపటాయించి, వెనక్కి తిరిగింది.

"నాకు ఈ ఊరు కొత్త రిబ్బీ. సమాధికి దారెటో చెబుతారా?"

అబ్బు లేవబోయాడు. ఖలీఫా వాణ్ణి కూర్చోమని, తానే చెప్పులు తొడుక్కుని, ఆమెతో పాటు వీధిలోకి వచ్చి చెయ్యెత్తి చూపించాడు.

"ఆ ఒలీవ తోట దాటి కుడివైపు తిరుగమ్మా. తెల్ల గోపురం కనిపిస్తుంది."